బియ్యానికి లేని అంటు అన్నానికి ఎక్కడిది?





ఈ చిన్న పుస్తకంలో అన్నం వండటం గురించి రాస్తున్నాను. పంచశీల గురించి, అష్టాంగ మార్గం గురించి, 22 ప్రతిజ్ఞల గురించి మీరు ఇదివరకే చదివారు. మళ్ళీ ఇప్పుడు ఈ వంట గోలేంది అనుకోవచ్చు. అబద్ధం ఆడనని మనం తీసుకున్న శీలాన్ని నేను తప్పింది ఒక అన్నం గిన్నె ముందే. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది నెల్లూరు జిల్లా పడమటి మెట్ట, అనంతసాగరం మండలం. పోయినేడు ఎండాకాలంలో మేం ముగ్గురం కార్యకర్తలం దగ్గర్లోని ఒక ఎస్టీ కాలనీకి పోయాం. అన్నీ యానాదుల ఇళ్ళు. వేపచెట్టు కింద బుద్ధుడి పటం పెట్టి గంటసేపు మాట్లాడాను. మనుషులంతా సమానమేనన్నాను. పుట్టుకతో ఎవరూ తక్కువ కాదన్నాను. బాగానే మాట్లాడానని నాకే అనిపించింది. నేను మాట్లాడుతున్నంతసేపూ పక్క గుడిసె ముందు ఒకామె మూడు రాళ్ళ పొయ్యి మీద అన్నం వండుతా ఉంది. మీటింగు అయిపోయాక వచ్చి, "అన్నం దించినాను, రెండు ముద్దలు తినిపోండి సామీ" అనింది.

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "వద్దులేమ్మా, ఇప్పుడే తినేసొచ్చాం."

పొద్దున ఆరింటికి తాగిన టీ తప్ప మా కడుపుల్లో ఏమీ లేదు. అక్కడి నుంచి ఆత్మకూరు పోయి బస్టాండు దగ్గర హోటల్లో ముగ్గురం పరోటాలు తిన్నాం. ఆ హోటల్లో పిండి పిసికింది ఎవరో, వాళ్ళ చేతులు ఎట్టా ఉన్నాయో మేం అడగలేదు. రెండో పరోటా తినేటప్పుడు నాకు ఆ మాట మళ్ళీ చెవిలో పడింది. ఆ మాట నాకు బాగా ఎరుకే. చిన్నప్పుడు మా ఇంటి గడపలో వందసార్లు విన్నాను.

ఊళ్ళోవాళ్ళు కూలికి పిలవటానికో, ఓట్లకో మా పల్లెలోకి వచ్చేవాళ్ళు. మా అమ్మ మర్యాదకు "అన్నం తిని పోండయ్యా" అనేది. "ఇప్పుడే తినేసొచ్చాం" అనేవాళ్ళు. అది అబద్ధమని అమ్మకు తెలుసు, అమ్మకు తెలుసునని వాళ్ళకూ తెలుసు. వెంటనే నా చేతిలో డబ్బులు పెట్టి అంగడికి తోలేది, సోడా తెమ్మని. మూత తీయని సోడా అయితే తాగుతారు. మనింట్లో ఎవరి చెయ్యీ లోపలికి పోలేదు కదా! ఆ సోడా సీసాలు పట్టుకుని పరుగెత్తిన పిల్లగాడిని నేను. నలభై దాటాక, దీక్ష తీసుకున్నాక, బి.ఏ. చదివాక, బుద్ధుడి పటం చంకలో పెట్టుకుని అదే అబద్ధం ఇంకొకరి గడపలో ఆడాను.

మీలో ఎవరైనా ఈ అబద్ధం ఆడలేదా? నిజం చెప్పండి. మన రెండు పల్లెల మధ్యన కూడా, ఒకరింటి పెళ్ళికి ఇంకొకరు పోయినప్పుడు, చదివింపులు రాయించి "పనుందబ్బా, పోవాలి" అని అన్నం తినకుండా వచ్చేసిన రోజులు లేవా?

మజ్ఝిమ నికాయంలో రాహులుడికి బుద్ధుడు చెప్పిన ఉపదేశం ఒకటుంది. కాళ్ళు కడుక్కున్నాక పాత్రలో అడుగున కొంచెం నీళ్ళు మిగిలితే అవి చూపించాడు, తరవాత ఆ నీళ్ళు పారబోశాడు, తరవాత పాత్రను బోర్లించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడి సాధన ఇంత కొంచెం, ఇంత పారబోసింది, ఇంత బోర్లపడింది అని చెప్పాడు. నవ్వులాటకు కూడా అబద్ధం వద్దన్నాడు. నాది నవ్వులాట కూడా కాదు. అందుకే ఆ రోజు నుంచి నన్ను ఒకటే ప్రశ్న పట్టుకుంది. ఆ గిన్నెలో నేను తినలేనిది ఏముంది?

నాగసేనుడు మిళింద మహారాజును రథం గురించి అడిగినట్టు అడిగి చూద్దాం. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని ఒక్కో భాగం చూపించి అడిగాడాయన. మనం అన్నాన్ని అట్టా విప్పుదాం. అంటు ఎక్కడ చేరిందో వెతుకుదాం.

మొదట బియ్యం. మా తాతల కాలంలో మా మెట్టలో తెల్లన్నమంటే పండగనాటి మాట. మిగిలిన రోజులంతా జొన్న సంగటి, రాగి సంగటి, సజ్జ రొట్టె. నెల్లూరు పేరులోనే 'నెల్' ఉందనీ, అరవంలో నెల్ అంటే వడ్లనీ చెప్తారు. అట్టాంటి జిల్లాలో పుట్టి, కయ్యల్లో నారు పీకి, నాట్లేసి, కోసి, కుప్ప నూర్చినవాళ్ళు వాళ్ళ పిల్లలకు బువ్వ పెట్టలేకపోయారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే చాలామంది పల్లెల్లో రోజూ పొయ్యి మీద అన్నం ఉడికింది. ఇంతమంది అంటరానివాళ్ళ చేతుల మీదుగా పోయిన బియ్యానికి అంటు ఉందా? లేదు. కళ్ళంలో ఎవరు తొక్కినా అది గుడికి పోతుంది, తలంబ్రాలవుతుంది. స్వయంపాకం అని ఒక పద్ధతి ఉంది, మీకు తెలుసు. బాపనాయనకు బియ్యం, పప్పు, కూరగాయలు పచ్చిగా ఇస్తే పుచ్చుకుంటాడు, తన ఇంట్లో తను వండుకుంటాడు. అంటే పచ్చి గింజకు దోషం లేదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఇక ఆ రోజు ఆమె వండిన బియ్యమంటారా, అది రేషన్ బియ్యం. మా ఇంట్లోనూ అదే. ఒకే లారీలో దిగిన మూటలు.

రెండోది కడగటం. చేటలో పోసి రాళ్ళూ వడ్లగింజలూ ఏరి, రెండు నీళ్ళు పోసి కడిగి గాలిస్తాం. పాలలాగా తెల్లగా వచ్చే ఆ కడుగునీళ్ళను కుడితి తొట్లో పోస్తాం. గంజి కూడా అందులోకే. ఆ కుడితి బర్రె తాగుతుంది. సాయంత్రం ఆ బర్రె పాలు కేంద్రానికి పోతాయి. అక్కడ ఊళ్ళో పాలు, పల్లె పాలు ఒకే క్యాన్లో పడతాయి. ఇంతవరకూ ఏ పాలకేంద్రంలోనూ మన బర్రె పాలకు వేరే క్యాను పెట్టింది నేను చూడలేదు. మన గిన్నె కడిగిన నీళ్ళు బర్రె కడుపులోంచి తిరిగొస్తే శుద్ధి అయిపోయాయి. బర్రెకున్న పాటి మహత్యం మన చేతికి లేదన్నమాట.

మూడోది నీళ్ళు. పాత బియ్యానికి ఎసరు ఎక్కువ పట్టిద్ది, కొత్త బియ్యానికి తక్కువ. గంజి వార్చేటట్టయితే గిన్నె నిండా పోసుకుంటాం, అత్తెసరు అయితే గ్లాసుకు రెండు గ్లాసులు. ఈ నీళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్తగా చూడాలి. అంబేద్కర్ గారు తన చిన్నతనం గురించి రాసుకున్నారు. 1901లో, తొమ్మిదేళ్ళప్పుడు, తండ్రి దగ్గరకు కోరేగావ్ పోతూ రైలు దిగి ఎద్దుబండిలో ప్రయాణం చేశారు. పిల్లల దగ్గర అన్నం ఉంది. తాగటానికి చుక్క నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేరు. అన్నం ఉండీ రాత్రి పస్తు పడుకున్నారు. 1927లో మహద్ చెరువులో ఆయన దోసిలి ముంచిన నీళ్ళ వెనక ఈ పస్తు ఉందని నేను అనుకుంటాను. ఇక మా సంగతికొస్తే, పెన్నా మీద సోమశిల డ్యామ్ ఉండేది మా మండలంలోనే. పెన్నమ్మ నీళ్ళు ఎస్టీ కాలనీకి ఒక రకం, మా పల్లెకు ఒక రకం, ఊళ్ళోకి ఒక రకం రావు.

నాలుగోది మంట. ఎసరు కాగి బియ్యం పోశాక మంట తగ్గించాలి, లేకపోతే పొంగి పొయ్యి ఆరిపోతుంది. మూత వోరగా పెట్టి, అడుగు అంటకుండా తెడ్డుతో ఒకసారి తిప్పి, మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపి చూస్తాం. లోపల పలుకు తగిలితే ఇంకా కాసేపు. లేకపోతే సిబ్బి పెట్టి వార్చి, నిప్పుల మీద కాసేపు మగ్గనిస్తాం. ఇక్కడ ఆగి ఆలోచించండి. అరగంటసేపు సలసలా కాగిన నీళ్ళలో ఉడికింది ఆ గింజ. పురుగూ బుగ్గీ ఉన్నా చచ్చిపోయేది ఇక్కడే. శుభ్రతే వాళ్ళ బాధ అయితే, అందరి చేతులూ కాళ్ళూ తగిలిన పచ్చి బియ్యాన్ని వద్దని, మంటలో ఉడికిన అన్నాన్ని తినాలి. జరిగేది తలకిందులు. పచ్చి బియ్యం పనికొస్తుందట, ఉడికింది పనికిరాదట!

అంటే బియ్యంలో లేదు, నీళ్ళలో లేదు, మంటలో లేదు. ఇక మిగిలింది తెడ్డు పట్టుకున్న చెయ్యి. ఆ చెయ్యే నాట్లేసింది, ఆ చెయ్యే కోసింది. వరిపొలాల్లో ఎలకలు పట్టి పంటను కాపాడేది యానాదుల చెయ్యే. ఎలక బొక్కల్లో దొరికిన వడ్లు ఏరుకుని గింజ నేలపాలు కాకుండా చూసేదీ ఆ చెయ్యే. అక్కడ లేని అంటు తెడ్డు పట్టుకోగానే వచ్చింది. పండించే చెయ్యిగా ఉంటే ఊరికి పనికొస్తుంది. పెట్టే చెయ్యి అయ్యేసరికి పనికిరాదు. పెట్టే చెయ్యి పైన ఉండాలి, పుచ్చుకునే చెయ్యి కింద ఉండాలి. యానాదామె పెడితే నేను పుచ్చుకోవాలి. ఆ ఒక్క పూటకు ఆమె చెయ్యి పైన, నాది కింద. నేను భరించలేకపోయింది అదేనేమో అని నా అనుమానం.

ఇప్పుడు బుద్ధుడి వైపు చూడండి. దీఘ నికాయం మొదట్లోనే, బ్రహ్మజాల సుత్తంలో, ఆయన ఏమేమి పుచ్చుకోడో ఒక పట్టీ ఉంది. బంగారం, వెండి, పశువులు, పొలాలు. ఆ పట్టీలో పచ్చి ధాన్యం కూడా ఉంది. వండనిది పుచ్చుకోడు. భిక్షువులు వండుకోకూడదు, దాచుకోకూడదు. దాచుకోకుండా తేలికగా బతకాలన్నదే ఆ నియమాల ఉద్దేశమనుకోండి. కానీ దాని ఫలితం చూడండి. బ్రాహ్మడు పచ్చిది పుచ్చుకుని వండింది వద్దంటాడు. బుద్ధుడు పచ్చిది వద్దని వండిందే పుచ్చుకుంటాడు. రోజూ పొద్దున్నే ఇంకొకరి కుండలోది తినక తప్పని జీవితాన్ని ఆయన తనకూ తన సంఘానికీ పెట్టుకున్నాడు. అదీ ఇళ్ళు ఏరుకోకుండా, వరసగా, ఒక్క గడప కూడా దాటేయకుండా పోవాలి. పాత్ర ఒకటే. కమ్మరి ఇంటి అన్నం, సెట్టి ఇంటి అన్నం అందులో కలిసిపోతాయి. ఏ మెతుకు ఎవరిదో చెప్పటం ఎవరి తరం?

థేరగాథల్లో మహాకస్సపుడు తన అనుభవం చెప్పుకున్నాడు. ఆయన పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. భిక్షకు పోతే ఒక కుష్టురోగి తను తింటున్నదాంట్లోంచి ఒక ముద్ద పెట్టాడు. పెడుతుంటే అతని వేలు ఊడి పాత్రలో పడింది. మహాకస్సపుడు గోడ పక్కన కూర్చుని ఆ ముద్ద తిన్నాడు. తింటున్నప్పుడు గానీ తిన్నాక గానీ తనకు అసహ్యం కలగలేదని చెప్తాడు. నేను ఆ మెట్టుకు చేరినవాణ్ణి కాదు. నాకు కలిగింది. గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది, చూపు ఆమె గోళ్ళ మీదికి పోయింది. దాన్ని దాచి నేను మహానుభావుడిలాగా రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. సతిపట్ఠానం చెప్పేది అదే కదా: అసహ్యం పుట్టినప్పుడు పుట్టిందని తెలుసుకో. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. నా వరకు అది మా అవ్వ నుంచి వచ్చింది. "వాళ్ళు ఎలకల్ని తింటారు, వాళ్ళ దగ్గర తినబాకు" అనేది ఆమె. ఇదే మా అవ్వ, మనం ఫలానాది తింటామని ఊళ్ళోవాళ్ళు మనల్ని దూరం పెట్టారని ఏడ్చేది.

ఆళవి పట్నం కథ ఒకటి ధమ్మపదం వ్యాఖ్యానంలో ఉంది. తప్పిపోయిన ఎద్దును వెతుక్కుని ఆకలితో వచ్చిన ఒక పేద రైతును చూసి, బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించాడు. అతను తినేదాకా ఉపదేశం మొదలుపెట్టలేదు. మేం చేసింది చూడండి. ముందు గంటసేపు ఉపదేశం చేశాం. వాళ్ళు పెట్టిన అన్నం వద్దన్నాం.

"బాబాసాహెబ్ 1936లోనే చెప్పారు కదా, సహపంక్తి భోజనాలతో కులం పోదని, పెళ్ళిళ్ళు కలవాలని" అని మీలో చదువుకున్నవాళ్ళు అడుగుతారు. కుల నిర్మూలనలో ఆయన ఆ మాట చెప్పారు, అది నిజం. నేను కాదనను. కానీ సహపంక్తి భోజనం అంటే సాధారణంగా ఏం జరుగుతుంది? వంటవాళ్ళు ఎవరో వండుతారు, అందరూ పక్కపక్కన కూర్చుంటారు, ఫోటో తీస్తారు. పంక్తిలో కూర్చోవటం తేలిక. గరిటె ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడి పిల్లలకు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న ఇచ్చిన ఇంకో ఆదేశంలో, వంటవాళ్ళుగా సహాయకులుగా దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. పిల్లలు ఒకే వరసలో కూర్చోవటానికి ఒప్పుకున్న తల్లిదండ్రులు కూడా, వంటామె మారేసరికి క్యారియర్లు కట్టి పంపిన ఊళ్ళున్నాయి. కోర్టు సరిగ్గా గరిటె మీదే చెయ్యి పెట్టింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మగవాళ్ళకు కొంచెం కష్టంగా ఉన్నా సరే. మన ఇళ్ళలో ఆ గరిటె ఎవరి చేతిలో ఉంది? నేను మీటింగు అయిపోయి రాత్రి పదింటికి నలుగురిని వెంటబెట్టుకుని ఇంటికొస్తే, నా భార్య మళ్ళీ ఎసరు పెట్టేది. అందరికీ పెట్టాక అడుగున మాడు గోక్కుని మజ్జిగ పోసుకుని తినేది. పదేళ్ళపాటు నేను దాన్ని చూడనే లేదు. సమానత్వం గురించి మేం ముందుగదిలో మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం. ఇప్పుడు రాత్రి అన్నం నేను వండుతాను. మొదట్లో రెండుసార్లు మాడింది, ఒకసారి జావ అయింది. ఇంతకు మించి దాని గురించి గొప్పలు చెప్పుకోను.

ఇక ఎస్టీ కాలనీ సంగతి. నెల తరవాత మళ్ళీ పోయాను, ఒక్కణ్ణే. తినాలనే పోయాను. ఆమె నన్ను చూసి లోపలికి పోయి కూతురి చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల పరుగెత్తుకుంటా పోయి అంగట్లోంచి కూల్‌డ్రింకు సీసా తెచ్చింది, మూత తీయకుండా. నేను ఏమీ అనలేకపోయాను. తాగాను. వాళ్ళ ఒక పూట కూరగాయల డబ్బులు అవి.

మూడోసారి పొద్దున్నే పోయి, పొయ్యి వెలిగించకముందే కూర్చున్నాను. "ఈరోజు ఇక్కడే తింటాను అక్కా, పని చెప్పు" అన్నాను. నమ్మలేదు. తరవాత చేట నా ముందు పెట్టింది. బియ్యం ఏరుతా ఉంటే కొన్ని గింజలు పసుపుపచ్చగా, వేరేగా కనిపించాయి. "ఇవి ప్లాస్టిక్ బియ్యం, పారేయాలి" అన్నాను, మా పల్లెలో అందరూ అనే మాట. ఆమె నవ్వింది. అవి ప్లాస్టిక్ కాదు, బలానికి కలిపిన గింజలు, అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పింది, పారేయబాకు అనింది. ఆమె చెప్పిందే నిజం. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలవి, వందకు ఒకటి చొప్పున రేషన్ బియ్యంలో కలిపినవి. ఎవరో చెప్పారని, నలుగురూ అంటున్నారని నమ్మవద్దని కాలాములకు బుద్ధుడు చెప్పిన మాట మీద నేను ఉపన్యాసాలిచ్చాను. నేను ఏరి పక్కన పెట్టిన గింజలను ఆమె మళ్ళీ చేటలో పోసింది.

ఆ రోజు తిన్నాను. అన్నం, చింతపండు చారు, ఎండుచేప. మొదటి ముద్దకు గొంతు కొంచెం పట్టింది. మూడో ముద్దకు మామూలు అన్నమే. "సామీ" అనొద్దు అంటే, "మరేమని పిలవాల?" అని అడిగింది. "అన్నా అను, తమ్ముడా అను" అన్నాను. ఆమె ఏదీ అనలేదు, ఇంకొంచెం అన్నం వేసింది.

ఇదంతా మీకు ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా దగ్గర ఒక తగాదా నడుస్తా ఉంది. ఏటా ఏప్రిల్ 14న మేం మా పల్లెలో అందరికీ అన్నం పెడతాం. ఈసారి వంట మూడు చోట్లవాళ్ళూ కలిసి చెయ్యాలి, రెండు పల్లెలవాళ్ళు, ఎస్టీ కాలనీవాళ్ళు, ఆడా మగా అందరూ గరిటె పట్టాలి అని నేను కమిటీలో అడిగాను. కుర్రాళ్ళు సరేనన్నారు. పెద్దాయన ఒకరు, నాకంటే ముందు దీక్ష తీసుకున్నవాడు, మంచివాడే, "నాకేం లేదురా అబ్బాయా, కానీ అందరూ తినరేమో" అన్నాడు. బడి వంటామె విషయంలో ఊళ్ళో పెద్దలు అనే మాట కూడా సరిగ్గా ఇదే. ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "వడ్డన వాళ్ళతో చేయిద్దాం, వంట మాత్రం మామూలుగా కానిద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంకొకాయన కేటరింగుకు ఇచ్చేద్దాం, గొడవ ఉండదన్నాడు. మూత తీయని సోడాకు అది అన్నలాంటిది అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

తేలలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. ఎస్టీ కాలనీ నుంచి ఆమెను కూడా రమ్మని పిలిచాను. వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. ఎంతమందికి వండాలో మాత్రం అడిగింది. మూడొందల మందికి అన్నాను. "అయితే రెండు డేగిసాలు కావాల, ఒకదాంట్లో అడుగంటిద్ది" అనింది.